ఆ 60 అడుగులు

తమ్ముడూ,

నీ కార్గిల్ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. చదివించే గుణం నీ వాక్యానికి ఉంది, ఆ టెన్షన్ పెట్టుకోకు. నా బెంగంతా నీ సైనికుడి మీదే.

అతను టైగర్ హిల్ మీదికి "సింహంలా గర్జిస్తూ దూసుకెళ్లాడు" అని రాశావు. ఆ కొండ ఎత్తు 16,500 అడుగుల పైమాటే. సముద్రమట్టం దగ్గర దొరికే ప్రాణవాయువులో అక్కడ దొరికేది సగానికి కాస్త ఎక్కువ, అంతే. వీపున బరువుతో నాలుగడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకోవాలి. ఇక గర్జించడానికి గాలేదీ? పైగా రాయి దొర్లినా పైనున్న శత్రువుకి వినపడుతుంది. అందుకే చీకటి మాటున, చడీచప్పుడు లేకుండా ఎక్కాల్సొచ్చేది.

నా తొలి యుద్ధకథలోనూ ఇలాంటి పరుగే ఉండేది. ఒక మాజీ జవాను అది చదివి, "అంత ఎత్తులో బూటు లేసు కట్టుకోవడానికి వంగినా ఆయాసమొస్తుందండీ" అన్నాడు. ఆ ఒక్క ముక్క ముందు నా పది పేజీలు తేలిపోయాయి.

యోగేంద్ర సింగ్ యాదవ్ సంగతి గుర్తు చేసుకో. 18 గ్రెనేడియర్స్ బెటాలియన్, అందులో ముందుండి దాడి చేసే ఘాతక్ ప్లటూన్. 1999 జులై 4 నాటికి అతనికి 19 ఏళ్లు. మంచు పట్టిన నిట్టనిలువు కొండ ముందుగా ఎక్కి, వెనకవాళ్ల కోసం తాడు బిగించే పని తనే అడిగి తీసుకున్నాడు. సగం దారిలో పై బంకర్ నుంచి మెషిన్‌గన్ కాల్పులు, రాకెట్లు. ప్లటూన్ కమాండర్, మరో ఇద్దరు నేలకొరిగారు. ఇతని భుజంలో, గజ్జల్లో తూటాలు దిగాయి. ఇంకా 60 అడుగులుంది. ఎక్కాడు. పాక్కుంటూ వెళ్లి బంకర్‌లోకి గ్రెనేడ్ విసిరాడు.

అలాంటి 60 అడుగులకి నీ కథలో ఒక్క వాక్యం ఇచ్చావు. నాకు మూడు పేజీలు కావాలి. తాడు అరచేతిని ఎక్కడ కోస్తోంది? దెబ్బతిన్న భుజం బరువు మొయ్యనంటే రెండో చెయ్యి ఏం చేస్తోంది? బూటు మొన ఆనే చోటు చీకట్లో ఎలా వెతుక్కుంటున్నాడు? చల్లటి రాతికి చెంప ఆనించి ఆగిన ఆ క్షణంలో భయం వేస్తుంది. వెయ్యనీ. దాన్ని కొట్టెయ్యకు.

చివరి పేజీలో జెండా కప్పిన శవపేటిక పెట్టావు. కళ్లు చెమర్చాయి, దాచను. ఆ యుద్ధంలో మన సైనికులు 527 మంది తిరిగి రాలేదు కాబట్టి చావు రాయొద్దని ఎలా అంటాను? కానీ నీ కథలో అతను చచ్చిపోయాకే ఊరు అతన్ని వీరుడంటోంది. యాదవ్‌కి పరమవీర చక్ర మొదట మరణానంతర పురస్కారంగానే ప్రకటించారు. చనిపోయింది అదే పేరున్న మరో జవాను. ఇతను ఆసుపత్రి మంచం మీద ప్రాణాలతో ఉన్నాడు.

కథంతా తిరగరాయక్కర్లేదు. ఆ ఎక్కిన రాత్రి ఒక్కటీ మళ్లీ రాసి పంపు. ముగింపు సంగతి అది చదివాక మాట్లాడుకుందాం.

ప్రేమతో,
నీ అన్నయ్య