సికిల్ సెల్ పరిశోధనా, బయోసెన్సర్లా? ముందు అమ్మాయిని అడిగారా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది, బయోకెమిస్ట్రీ. మెడిసిన్ సీటు రాలేదు. ఎర్ర రక్త కణాల జబ్బుల మీద, ముఖ్యంగా సికిల్ సెల్, తలసీమియా మీద పరిశోధన చేస్తానంటోంది. తెలిసినవాళ్లేమో ఇప్పుడంతా బయోసెన్సర్లదే, నానో, ఏఐ కలిసిన కోర్సులో చేర్పించండి, రక్త పరీక్షల పరికరాలు చేసే కంపెనీలు పిలిచి మరీ ఉద్యోగాలిస్తాయి అంటున్నారు. రెండింటిలో దేనికి భవిష్యత్తు ఉంది? పీహెచ్‌డీ దాకా వెళ్తే సెటిల్ అవడం ఆలస్యమవుతుందని టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసిన పెద్ద ఉత్తరాన్ని పైన కుదించి ఇచ్చాను. మెడిసిన్ సీటు రాలేదన్న మాట అందులో మళ్లీ మళ్లీ వచ్చింది. అమ్మాయికి ఏది ఇష్టమన్నది మాత్రం ఒక్క వాక్యంలో అయిపోయింది. కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ నాకొచ్చే ఉత్తరాల్లో భయం ఎప్పుడూ ఇదే. డాక్టరు ఎలాగూ కాలేదు, కనీసం వినడానికి గొప్పగా ఉండే చదువైనా చదివిద్దాం అనుకుంటారు. పోలిక సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ భయం గురించి మాట్లాడుకుందాం.

సికిల్ సెల్ రోగి రక్తంలో కొడవలి ఆకారపు కణాలను 1910లో వర్ణించింది జేమ్స్ హెరిక్ అనే డాక్టరే. కణాలు అలా ఎందుకు వంకర తిరుగుతున్నాయన్నది మాత్రం చాలా ఏళ్లు తేలలేదు. 1949లో రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ బృందం ఆ రోగుల హిమోగ్లోబిన్‌ను విద్యుత్ క్షేత్రంలో పెట్టి చూస్తే, అది మామూలు హిమోగ్లోబిన్‌కు భిన్నంగా కదిలింది. జబ్బు మూలం ఒక అణువులో ఉందని తేలింది అక్కడే. తర్వాత వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ తేడా ఎక్కడుందో పట్టుకున్నాడు. హిమోగ్లోబిన్ ప్రొటీన్‌లోని బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్ అనే ఇంకోటి ఉంది, అంతే. పౌలింగ్, ఇన్‌గ్రామ్ ఇద్దరూ డాక్టర్లు కారు. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా సికిల్ సెల్‌కు అనుమతించిన జీన్ ఎడిటింగ్ చికిత్స, జన్యువును కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతి మీద ఆధారపడింది. ఆ పద్ధతికి 2020లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్న ఇద్దరు మహిళలూ డాక్టర్లు కారు. మీ అమ్మాయి తలుపు మూసుకుపోయిన ఇంటి ముందు నిలబడలేదు. ఈ రంగంలోకి అసలు దారుల్లో ఒకటి ఆమె చదివే బయోకెమిస్ట్రీయే.

ఇక బయోసెన్సర్లు, అంటే రక్తం లాంటి నమూనాలో ఒక పదార్థాన్ని పసిగట్టి సిగ్నల్‌గా చూపించే పరికరాలు. వాటి మీద నాకు చులకన లేదు. ఎంజైమును ఎలక్ట్రోడ్‌తో జతచేసి రక్తంలో ఒక పదార్థాన్ని కొలవొచ్చని 1962లో లీలాండ్ క్లార్క్ చూపించిన ఆలోచనే ఇవాళ్టి గ్లూకోజ్ స్ట్రిప్పులకు పునాది. అది కోట్ల మందికి ఉపయోగపడింది. నా అనుమానం ఆ పేరుతో వస్తున్న కోర్సుల మీద, వాటి చుట్టూ జరిగే ప్రచారం మీద.

చాలా విద్యార్థి ప్రాజెక్టుల్లో సెన్సర్‌ను శుభ్రమైన బఫర్ ద్రావణంలో పరీక్షిస్తారు. అందులో కొలవాల్సిన ప్రొటీన్ తప్ప ఇంకేమీ ఉండదు కాబట్టి గ్రాఫ్ అందంగా వస్తుంది. అదే సెన్సర్ మీద నిజమైన రక్తం పోస్తే వేరే ప్రొటీన్లు వచ్చి ఉపరితలానికి అతుక్కుంటాయి, కణాలు పగిలి హిమోగ్లోబిన్ బయటికొస్తుంది, సిగ్నల్ గందరగోళమవుతుంది. అసలు పని మొదలయ్యేది అప్పుడే. పీజీ అంతా బఫర్‌లోనే గడిపిన పిల్లలు ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

వేలి కొసన ఒక్క చుక్కతో అన్ని పరీక్షలూ చేస్తామన్న అమెరికా కంపెనీ థెరానోస్ కథ మీరు వినే ఉంటారు. 2003లో మొదలై, 2015లో పత్రికల్లో బయటపడి, 2022లో వ్యవస్థాపకురాలికి శిక్ష పడేదాకా వెళ్లింది. మోసం సంగతి కోర్టు చూసుకుంది. చదువుకునే పిల్లలు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. అదే 2015లో రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఒకే వేలి నుంచి వరసగా తీసిన చుక్కల్లో కణాల సంఖ్య, హిమోగ్లోబిన్ చుక్కకూ చుక్కకూ బాగా మారుతున్నాయని చూపించారు. నరం నుంచి తీసిన రక్తంతో సరితూగాలంటే ఆరు నుంచి తొమ్మిది చుక్కల సగటు తీసుకోవాల్సి వచ్చింది. పరికరం ఎంత గొప్పదైనా ఆ తేడా రక్తంలోనే ఉంది.

రక్తం తెలియకపోతే పరికరం అబద్ధం చెబుతోందని కూడా తెలియదు. రక్తహీనత ఉన్న మనిషికి, దానికి తగ్గ సవరణ లేని గ్లూకోమీటర్ చక్కెరను ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. మూడు నెలల చక్కెర పరీక్ష అని చేయించుకుంటామే, హెచ్‌బీఏ1సీ, అది హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అతుక్కుందో చూస్తుంది, ఎర్ర కణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీద నిలబడింది. సికిల్ సెల్ రోగిలో కణాలు అంతకంటే చాలా ముందే చచ్చిపోతాయి, చక్కెర పట్టేంత సమయం వాటికి ఉండదు. అంకె తక్కువగా వస్తుంది, అందరూ బాగుందనుకుంటారు.

ఈ రెండు రంగాలూ కలిసేచోట పని ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ జీ6పీడీ అనే ఎంజైము లోపం. ఎర్ర కణంలో కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు. ఆక్సీకరణ దెబ్బను తట్టుకోవడానికి అది ఈ ఎంజైము మీదే ఆధారపడుతుంది. లోపం ఉన్నవాళ్లకు ప్రైమాక్విన్ కుటుంబం మలేరియా మందులిస్తే కణాలు పగిలిపోతాయి. వైవాక్స్ మలేరియా పరాన్నజీవి కాలేయంలో దాక్కుంటుంది, దాన్ని చంపాలంటే ఆ మందులే కావాలి. 2018లో అమెరికా అనుమతించిన టఫెనోక్విన్ ఒక్క డోసుతో సరిపోతుంది, కానీ శరీరంలోంచి త్వరగా పోదు. ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. అందుకే ముందు ఎంజైమును కొలిచి, మామూలు స్థాయిలో 70 శాతం దాటి ఉంటేనే ఇవ్వాలి.

ఈ ఎంజైముకు చేసే పాత స్పాట్ పరీక్ష లోపం ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది. ఈ జీన్ ఉన్నది ఎక్స్ క్రోమోజోమ్ మీద. ఒక ఎక్స్‌లో మాత్రమే లోపం ఉన్న స్త్రీ రక్తంలో మంచి కణాలూ లోపం ఉన్న కణాలూ కలిసి తిరుగుతుంటాయి. సగటు సగం దగ్గర ఉంటే స్పాట్ పరీక్ష ఆమెను మామూలు మనిషి కిందే లెక్కేస్తుంది. అందుకే చేతిలో ఇమిడే, అంకె చూపించే సెన్సర్లు తయారుచేశారు. అవి ఎంజైమును హిమోగ్లోబిన్ లెక్కన చెప్పాలి కాబట్టి హిమోగ్లోబిన్‌ను కూడా కొలవాలి. ఉష్ణోగ్రత మారితే ఎంజైము వేగం మారుతుంది, దాన్నీ సరిచూసుకోవాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, కణాలు పగిలిన కొద్ది రోజులకే కొలిస్తే రక్తం నిండా కొత్త కణాలుంటాయి, వాటిలో ఎంజైము ఎక్కువ. లోపం ఉన్న మనిషికి కూడా పరీక్ష మామూలుగా రావచ్చు. ఇందులో ఏది బయాలజీ, ఏది సెన్సర్ అని గీత గీయగలరా? జబ్బు తెలిసినవాళ్లు పరికరం నేర్చుకోవడం నేను ఎక్కువగా చూశాను. పరికరం మాత్రమే తెలిసినవాళ్లు జబ్బు వైపు రావడం తక్కువ. నా మొగ్గు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇప్పుడు కాస్త కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. కంపెనీలు పిలిచి ఉద్యోగాలిస్తాయన్నారు. ఎవరికిచ్చాయో, ఏ పనికిచ్చాయో ఆ తెలిసినవాళ్లను అడిగారా? రేపు ల్యాబ్‌లో ఫలితం రాని ప్రయోగాన్ని పదోసారి చేయాల్సింది మీ అమ్మాయి. ఆ ఓపిక ఇష్టం ఉన్నచోటే పుడుతుంది. పిల్ల తనకేం కావాలో స్పష్టంగా చెబుతుంటే, మీరు బయటివాళ్ల మాటను తూకానికి పెట్టారు. ఏమీ తేల్చుకోలేని పిల్లలతో నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులు ఎంతమందో. మీకున్నది సమస్య కాదమ్మా, అదృష్టం.

పోలిక అడిగారు కదా. రక్త జబ్బుల వైపు వెళ్తే జెనెటిక్స్, కణ జీవశాస్త్రం, ఫ్లో సైటోమెట్రీ (కణాలను లేజర్ కాంతిలో ఒక్కొక్కటిగా పరిశీలించడం), హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాల్లాంటి వాటిని వేరుచేసి కొలిచే పద్ధతి) లాంటివి చేతికొస్తాయి. పీజీతోనే డయాగ్నస్టిక్ ల్యాబులు, స్క్రీనింగ్ కార్యక్రమాలు, కిట్ల తయారీలో నాణ్యత, వాలిడేషన్ (ఫలితం సరిగ్గా వస్తోందా అని సరిచూడటం) పనులు ఉంటాయి. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ తప్పదు. సెన్సర్ల వైపు ఎలక్ట్రోకెమిస్ట్రీ, ఆప్టిక్స్, మైక్రోఫ్లూయిడిక్స్ (సన్నని దారుల్లో కొద్దిపాటి ద్రవాన్ని నడిపించడం), కొంత ప్రోగ్రామింగ్ కావాలి. పరిశ్రమ దగ్గర, కానీ ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లతో పోటీ పడాలి. జీతాల్లో తేడా కోర్సు పేరు వల్ల కంటే చేతిలో ఉన్న నైపుణ్యం వల్లే ఎక్కువ వస్తుంది.

ఏది నప్పుతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం సరిపోతుంది. సికిల్ సెల్ రక్తపు చుక్కను సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణంతో కలిపి, స్లైడ్ మీద కవర్‌స్లిప్ వేసి అంచులు మూసేస్తారు. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గుండ్రటి కణాలు కొసలు తేలి కొడవళ్లవుతాయి. జబ్బు ఉన్నవాళ్లలోనూ అవుతాయి, జీన్ ఒక్కటే మోసేవాళ్లలోనూ అవుతాయి. అది చూసి ఒకరు, కొన్ని కణాలు ముందు, కొన్ని తర్వాత ఎందుకు వంకర తిరిగాయి అని అడుగుతారు. ఇంకొకరు, మైక్రోస్కోప్ లేకుండా ఆ ఇద్దరినీ వేరుచేసేదెలా అని అడుగుతారు. అమ్మాయికి ముందు ఏ ప్రశ్న వస్తుందో కనుక్కోండి. రెండోదే వస్తే సెన్సర్ల వైపు నిశ్చింతగా పంపండి, నాకే అభ్యంతరమూ లేదు.

ఎటు వెళ్లినా, చేరేముందు ఆ విభాగం వాళ్లను అమ్మాయే స్వయంగా కొన్ని విషయాలు అడగాలి. రోగుల నమూనాలు ఏ ఆసుపత్రి నుంచి వస్తాయి? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? రక్తం తీసిన ఎంతసేపటికి ల్యాబ్‌కు చేరుతుంది? గత బ్యాచ్ విద్యార్థులు నిజమైన రక్తం మీద ఏం చేశారు? జవాబులు తడబడితే బ్రోషర్‌లో ఏఐ, నానో అని ఎన్ని ఉన్నా వదిలేయండి.

సెటిల్ అవడం గురించి: పీజీకి చేరినంత మాత్రాన పీహెచ్‌డీకి సంతకం పెట్టినట్టు కాదు. పీజీ తర్వాత ఆగి ఉద్యోగం చేసినవాళ్లున్నారు, కొన్నేళ్లు పనిచేసి పీహెచ్‌డీకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఈ రెండో రకం వాళ్లు తమకేం కావాలో బాగా తెలిసి వెళ్తారు. కాబట్టి ఆ నిర్ణయాన్ని ఇప్పుడు ఆమె నెత్తిన పెట్టకండి. పీజీ ప్రాజెక్టు పూర్తయ్యాక తనే మీకు చెబుతుంది. కావాలంటే అప్పుడు మళ్లీ రాయండి, ఈసారి ఉత్తరం అమ్మాయి చేత రాయించండి.