లేబర్ రూమ్‌కి ఏసీ కొనిద్దామా?

ప్రశ్న: సిస్టరమ్మ గారూ, మాది ముమ్మిడివరం వైపు లంక గ్రామం. రేవు దాటితే పీహెచ్‌సీ. ఈమధ్య అక్కడ కాన్పులు బాగా తగ్గిపోయాయి, అందరూ అమలాపురంలో ప్రైవేటుకే పోతున్నారు. మస్కట్‌లో ఉన్న మా ఊరి కుర్రాళ్లు ఆసుపత్రికని రెండు లక్షలు పంపారు. లేబర్ రూమ్‌కి ఏసీ, గేటుకి ఆర్చీ అని కమిటీలో అనుకుంటున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. మీరేమంటారు?

జవాబు: ఒప్పకపోవడమే మంచిదైంది బాబూ. ఆర్చీ సంగతి వదిలేయండి, నొప్పులతో వచ్చే మనిషి తలెత్తి చూడదు. ఏసీ మాత్రం అసలొద్దు. బిడ్డ తడి ఒంటితో బయటికొస్తుంది, కాన్పుల గది 25 డిగ్రీలకు తగ్గకూడదు. మనకి చెమటలు పట్టే గదే బిడ్డకి హాయి.

నేను పనిచేసిన ఓ చోట దాతలిచ్చిన వార్మర్ ఉండేది, పుట్టిన బిడ్డని వెచ్చగా ఉంచే యంత్రం. ప్లగ్గు పాయింటుకి దాని వైరు అందేది కాదు. దాని మీద రిజిస్టర్లు పెట్టుకునేవాళ్లం, నేనూ పెట్టాను. ఓ రాత్రి పుట్టిన పాప ఏడవలేదు. ఒళ్లు తుడిచాం, వీపు రుద్దాం, ఊపిరి లేదు. అప్పుడిక మూతికీ ముక్కుకీ మాస్కు ఆనించి, గాలి లోపలికి పంపే అంబూ బ్యాగ్ నొక్కాలి, అదీ మొదటి నిమిషంలోనే. బ్యాగేమో బీరువాలో ఉంది. తాళంచెవి పగటి డ్యూటీ ఆవిడతో పాటు రావులపాలెం బస్సెక్కేసింది. పోతే స్టాకు లెక్క తప్పుతుందని భయం మరి! గునపంతో బీరువా పగలగొట్టాం. పాప బతికింది. నడక మాత్రం నాలుగేళ్లకి గానీ రాలేదు.

అందుకే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి. వార్మర్ పక్కనే పాయింటు, కరెంటు పోతే ఇన్వర్టరు. బ్యాగ్‌కి రెండు మాస్కులుండాలి: నెలలు నిండిన బిడ్డకి 1 సైజు, నిండని బిడ్డకి 0. అవి గోడకి మేకు మీద వేలాడాలి, బీరువాలో కాదు. సిస్టర్లు నెలకోసారైనా బొమ్మ మీద నొక్కి చూసుకునేలా డాక్టరు గారితో మీరే మాట్లాడండి.

తర్వాత మరుగుదొడ్డి. నవ్వకండి. కాన్పయ్యాక 48 గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, రక్తస్రావం ముంచుకొచ్చేది ఎక్కువగా మొదటి రోజే. లోపల గడియ లేదని, నీళ్లు రావని బాలింత సాయంత్రానికే ఆటో ఎక్కేస్తుంది. మీరు మగవాళ్లు కమిటీలో కూర్చుంటే ఈ మాట ఎవరూ ఎత్తరు, ఇంట్లో అడిగి చూడండి.

రెండు వాలు కుర్చీలు కూడా కొనండి. రెండున్నర కిలోల లోపు బిడ్డని తల్లి ఛాతీకి చర్మానికి చర్మం ఆనించి గంటల తరబడి పడుకోబెట్టుకోవాలి. ఆవిడ అలిసిపోతే తండ్రి చొక్కా విప్పి కూర్చోవచ్చు. కాకినాడ పెద్దాసుపత్రికి పంపాల్సి వచ్చినా దారంతా అలాగే తీసుకెళ్లాలి.

మిగిలింది ఖర్చు పెట్టేయకండి. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగకముందే నెలలు నిండినవాళ్లని పీహెచ్‌సీ ఉన్న ఒడ్డుకి తెచ్చి ఉంచాలి. ఆ పేర్లు మీ ఆశా కార్యకర్త దగ్గరుంటాయి. 108 బండి రేవు దాకానే వస్తుంది. అర్ధరాత్రి నొప్పులొస్తే పడవ ఎవరిది, ఫోనెత్తేదెవరు? ముందు ఆ రెండు పేర్లూ కమిటీ పుస్తకంలో రాయించండి.