మ్యాచ్ చూపించకపోతే కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది నంద్యాల. బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం. ‘సీజన్ మొత్తం, అన్ని మ్యాచ్‌లూ లైవ్’ అన్న ప్రకటన చూసి ఒక స్ట్రీమింగ్ యాప్‌లో ఏడాది ప్యాక్ తీసుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే యూరప్ పెద్ద జట్ల మ్యాచ్‌లన్నీ పై ప్లాన్‌లోకి మార్చేశారు. డబ్బు వాపసు అడిగితే ‘నిబంధనలు చదువుకోండి’ అన్నారు. క్రికెట్‌కు ఇన్ని ఛానళ్లు ఉన్నప్పుడు ఫుట్‌బాల్‌ను దూరదర్శన్ అయినా చూపించాలి కదా? దానిపై హైకోర్టులో పిల్ వేయొచ్చా? ఇంకో సంగతి, మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తలా వంద రూపాయలు వసూలు చేసి ఫైనల్‌ను పెద్ద తెర మీద వేద్దామంటున్నారు. ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. అయితే కేసు దూరదర్శన్ మీద నిలబడదు, ఆ యాప్ మీద నిలబడుతుంది.

జాతీయ ప్రాముఖ్యం ఉన్నవని కేంద్రం నోటిఫై చేసిన పోటీల లైవ్ సిగ్నల్‌ను ప్రైవేటు ఛానల్ తన ప్రకటనలు తీసేసి, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి ఇవ్వాలని 2007లో చట్టం వచ్చింది. ఆ జాబితాలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఉంది గానీ మొత్తం కప్పు లేదు. తొలి మ్యాచ్, క్వార్టర్లు, సెమీలు, ఫైనల్ మాత్రమే. వేళ్ల మీద లెక్కేస్తే ఎనిమిది. 2022లో ఖతార్‌లో ఆడినవి 64. మన రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ సెమీస్, ఫైనల్ కూడా జాబితాలో ఉన్నాయి, వాటిని ఎంతమంది చూస్తారో మీకే తెలుసు. మీరు అడిగే యూరప్ లీగులు అందులో లేవు.

పైగా ఆ ఎనిమిదీ మీ కేబుల్ బాక్సులో డీడీ పెడితే రావు. అలా పంచుకున్న సిగ్నల్‌ను దూరదర్శన్ తన సొంత నెట్‌వర్క్‌లోనే వాడుకోవాలి, ప్రైవేటు కేబుల్, డీటీహెచ్‌ల ద్వారా ఇవ్వకూడదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అవి ఉచితంగా కావాలంటే దూరదర్శన్ సొంత డీటీహెచ్ అయిన డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకోండి. డిష్‌కూ బాక్సుకూ ఒకసారి అయ్యే ఖర్చే, నెలనెలా బిల్లు ఉండదు. టెర్రస్ మీద డిష్ బిగించే ముందు మీ అసోసియేషన్‌కు ఒక మాట చెప్పండి, ఆ తగాదాలు ఫుట్‌బాల్ కన్నా ఎక్కువసేపు సాగుతాయి.

ఇక పిల్. క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో ‘ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి’ అని 1995లో సుప్రీంకోర్టు అన్న మాట పట్టుకుని చాలామంది వస్తుంటారు. ప్రసారాల మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం కుదరదన్నది ఆ తీర్పు సారాంశం. ఫలానా మ్యాచ్ చూపించి తీరాలని అందులో లేదు. జాబితాలో ఏది చేర్చాలో నిర్ణయించేది కేంద్రం, అందులో హైకోర్టు వేలు పెడుతుందని నేను అనుకోను. సమాచార ప్రసార శాఖకు వినతిపత్రం పంపుకోవచ్చు. దానికి లాయరు ఫీజు కూడా దండగే.

అసలు పని యాప్‌తో. ‘అన్ని మ్యాచ్‌లూ’ అని చెప్పి డబ్బు కట్టించుకుని, మధ్యలో సగం తీసేస్తే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన, సేవాలోపం. ‘కంటెంట్ ఎప్పుడైనా మారొచ్చు’ అని నిబంధనల్లో రాసుకున్నంత మాత్రాన ముందు పేజీలో పెద్దక్షరాలతో ఇచ్చిన మాట చెరిగిపోదు. ఆ నిబంధనే అన్యాయమని వాదించాలని మీకు అనిపించొచ్చు. వద్దు. ‘అన్యాయమైన ఒప్పందం’ అని రాస్తే ఫిర్యాదు రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు పోతుంది. ప్రకటన, సేవాలోపం వరకే పరిమితమైతే జిల్లా కమిషన్‌లోనే తేలుతుంది. మీ ప్యాక్ లాంటి చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా లేదు.

కంపెనీ ముంబైలో ఉందని టెన్షన్ పడకండి. మీరు ఉంటున్న చోటే, అంటే బెంగళూరులోనే ఫిర్యాదు వేసే హక్కు ఈ చట్టం ఇచ్చింది. ‘వివాదాలు ఆర్బిట్రేషన్‌కే’ (కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలి) అన్న నిబంధన కూడా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లకుండా మిమ్మల్ని ఆపలేదు.

ఆధారాలు మాత్రం ఇవాళే భద్రం చేసుకోండి. ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన ఇన్‌వాయిస్, మ్యాచ్ నొక్కితే ‘అప్‌గ్రేడ్ చేయండి’ అని వచ్చే తెర, కస్టమర్ కేర్ చాట్. చాట్‌ను ఫోన్‌లో వదిలేయకుండా తేదీ కనబడేలా ఈమెయిల్‌కు పంపుకోండి, యాప్ తీసేస్తే అవి మాయమవుతాయి. ఆటో పే ఉంటే ఆపేయండి. తర్వాత ఫిర్యాదులు చూసే కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఒక మెయిల్, జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు. చాలా వాపసులు ఇక్కడే వచ్చేస్తాయి. అక్కడా కాకపోతేనే కమిషన్. గడువు రెండేళ్లు.

క్లబ్‌హౌస్ సంగతి: వంద రూపాయలు మానేయండి. డబ్బు తీసుకుని ప్రసారాన్ని జనానికి చూపించడం కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ కింద ప్రసారకర్త హక్కును ఉల్లంఘించడమే. బిర్యానీ కూపన్ అని పేరు మార్చినా కోర్టు చూసేది దేనికి డబ్బు తీసుకున్నారన్నదే. వసూలు లేకపోయినా మీ ప్యాక్ ఇంట్లో చూసుకోవడానికే అని నిబంధనల్లో ఉంటే కంపెనీ మీ ఖాతా ఆపేయొచ్చు. పెద్ద తెర కావాల్సిందే అంటే అసోసియేషన్ పేరు మీద ప్రదర్శన లైసెన్సు అడగండి, కంపెనీ జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.