సెన్సార్లు పెట్టే ముందు గోడ చుట్టూ తిరుగు అమ్మీ

అమ్మీ,

నీ ఫోన్ వచ్చినకాడ్నుంచీ అదే ఆలోచిస్తాండా. కర్నూలు పాత బస్తీలో ఆ రాతి మిద్దె గోడల పగుళ్లు పెరుగుతాండాయా అని సెన్సార్లు పెట్టి చూసే ప్రాజెక్ట్ తీసుకున్నావంటే భలే సంతోషమయింది, కానీ దాంట్లో ఇప్పటికీ మనుషులు కాపురముంటాండారు, రాత్రి ఆ గోడల కిందనే పడుకుంటారు, నీ రిపోర్ట్‌లో ప్రతి మాటకూ అంత బరువుంటాది.

మొదటి రెండ్రోజులు సెన్సార్ పెట్టె తెరవొద్దు. పగులు యాడ మొదలయింది, ఎటు పోయింది, లోపలి పక్క కూడా అదే చోట ఉండాదా చూడు. కొత్త పగులు అంచు పదునుగా, శుభ్రంగా ఉంటాది, పాతదాంట్లో దుమ్ము, సున్నం పేరుకోని ఉంటాది. 2009 అక్టోబర్ వరదలో నీళ్లు ఎంత ఎత్తుకొచ్చినాయి, తర్వాత తలుపులేమన్నా బిగుసుకున్నాయా అని ఇంట్లో అవ్వను అడుగు. పునాది సంగతి ఆమె చెప్పినంత బాగా ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు.

ఇంగ అకౌస్టిక్ ఎమిషన్. రాయిలోనో గచ్చులోనో సన్న పగులు కదిలితే లోపల దాచిపెట్టుకున్న శక్తి కొంచెం అలగా బయటపడుతుంది, మన చెవికి అందదు గానీ సన్న అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చే పైజో సెన్సార్ పట్టుకుంటాది. ఉక్కులో అయితే ఆ అల మీటర్ల దూరం పోతాది, మన పాత గోడలో అతుకు అతుకు దగ్గరా సచ్చిపోతాది, ఫ్రీక్వెన్సీ ఎక్కువైతే ఇంకా తొందరగా. అందుకే సెన్సార్లు పగులుకు దగ్గరగా పెట్టల్ల. ఎంత దగ్గరనో తెలియాలంటే 0.5 మిల్లీమీటర్ల పెన్సిల్ లెడ్డు గోడకు ఆనించి విరువు, ఆ చప్పుడు ఏ సెన్సార్ వరకు వినపడిందో రాసుకో, రోజూ చెయ్. రాయికి రంధ్రం మాత్రం వేయొద్దు, గోడ పాడుకాకుండా ఊడొచ్చే జిగురుతోనే అతికించు.

ఒకసారి మేము ఇట్లాంటి కట్టడం మీద పది రోజులు విని, మధ్యాహ్నం పూట సిగ్నల్స్ గుంపుగా వస్తాండాయని పగుళ్లు పెరుగుతాండాయని రాసేసినాం. తర్వాత చూస్తే ఎండకు పైనున్న రేకులు సాగుతా చేసిన చప్పుడది. ఆ కుటుంబాన్ని ఊరికే భయపెట్టినామని ఇప్పటికీ బాధగా ఉంటాది. నువ్వు గోడ వేడి, గాలి వేడి రెండూ పక్కనే రికార్డ్ చెయ్, కర్నూలు ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడూ దాటనీ. సిగ్నల్స్ ఎన్ని వచ్చినాయో లెక్కపెట్టడంతో సరిపోదు, పెద్దవి ఎన్ని, చిన్నవి ఎన్ని అని కూడా చూడు. పెద్దవాటితో పోలిస్తే చిన్నవి ఎంత ఎక్కువున్నాయో చెప్పే, భూకంపాలకు వాడే బి-వాల్యూ లెక్కే దీనికీ వాడతారు, అది 1.5 దగ్గర్నుంచి 1 వైపుకు దిగుతాంటే సన్న పగుళ్లు కలిసి పెద్ద పగులైతాండాయని అనుమానించల్ల.

ఇటలీలో పావియా అనే ఊర్లోని పాత గోపురం 1989 మార్చి 17న భూకంపమేమీ లేకుండానే కూలి నలుగురు పోయినారు. శతాబ్దాల పాటు దాని సొంత బరువుకే లోపల మెల్లగా నలిగింది. ఆ తర్వాతనే టొరినో ఇంజనీర్లు ఆల్బా ఊరి పాత గోపురాలకు సెన్సార్లు పెట్టి విన్నారు. మనం నెలల తరబడి వినాల్సింది అందుకే.

కంప్యూటర్ మోడల్ విషయానికొస్తే, గోడను ఒకే ముద్దగా గీసి రన్ కొట్టొద్దు. పాతకాలం గోడలు చాలా వరకు రెండు పక్కలా చెక్కిన రాయి, నడుమ సున్నంలో గులకరాళ్లు. ఒకే ముద్ద అనుకుంటే లేని బలం దానికి ఇచ్చినట్టయితాది, రంగుల బొమ్మ మాత్రం బాగా వస్తాది. ముందు చేతిలెక్క చెయ్, 1966లో హేమన్ అనే ఇంజనీర్ చెప్పినట్టు రాయి లాగుడుకు ఆగదు, నొక్కుడుకు ఆగుతుంది, జారదు అనుకోని బరువు పోయే గీత గోడ మందంలోనే ఉందా చూడు. దాని తర్వాత రాళ్లను విడివిడిగా చూపే డిస్క్రీట్ ఎలిమెంట్, 1971లో కండల్ మొదలుపెట్టిన పద్ధతి, కావాలంటే చెయ్. నిజమైన మిద్దె ఏ ఫ్రీక్వెన్సీలో ఊగుతాదో కొలిచి మోడల్‌తో కలుపు, కానీ కలిసింది కదా అని అక్కడే ఆగొద్దు తల్లీ, గోడ గట్టితనం ఒక రకంగా, పునాది ఇంకో రకంగా మార్చినా అదే నంబర్ వస్తాది.

మోడల్ పగులు ఇక్కడ తెరుచుకుంటాదని చెప్పిన చోటే సెన్సార్లకు చప్పుడు వినపడిందా, అదే అసలు పరీక్ష. రెండూ కలవకపోతే రెండిటినీ నమ్మొద్దు, ఇంటివాళ్లను అడిగి ఒక అతుకు సందులోంచి కెమెరా పెట్టి లోపల చూడు.

ఆదివారం ఇంటికి రా, సన్న గాజు పలకలు ఇస్తా. పగులుకు అడ్డంగా జిప్సంతో అతికించి పలక మీదనే తేదీ రాయి. పగులు కదిలి ఏ రోజన్నా గాజు చిట్లితే ఆ రోజు సెన్సార్ డేటాలో ఏముందో ఇద్దరం కూర్చోని చూద్దాం.

మీ పెదనాయన