ఆపాల్సిన మాత్ర ఉండిపోయింది, ఆపకూడని మాత్ర ఆగిపోయింది

ప్రశ్న: నా వయసు 34. ఖమ్మం దగ్గర ఒక ఊరు మాది. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఆరు నెలల కిందట క్లాసు చెబుతుండగానే ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరి అందనట్టు, ఇక పోతానేమో అనిపించింది. తర్వాత కూడా చాలాసార్లు అలాగే అయింది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్ అన్నారు. సైకియాట్రిస్ట్ పొద్దున ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ, రాత్రి క్లోనజెపామ్ 0.5 ఎంజీ రాశారు. పొద్దుటి మాత్రతో వికారం, తలనొప్పి, టెన్షన్ ఇంకా ఎక్కువైంది. తొమ్మిది రోజులు వేసుకుని ఆపేశాను. రాత్రి మాత్రతో మాత్రం హాయిగా నిద్ర పట్టింది. నాలుగు నెలలుగా మెడికల్ షాపులో తెచ్చుకుని వేసుకుంటున్నా. పోయిన నెల అది కూడా మానేద్దామని చూస్తే రెండు రోజులు బాగానే ఉంది, మూడో రోజుకు చేతులు వణుకు, దడ, నిద్ర లేదు. భయపడి మళ్లీ మొదలుపెట్టా. ఇప్పుడు ఒకటి చాలక ఒక్కోసారి ఒకటిన్నర వేసుకుంటున్నా. పగలు మత్తుగా ఉంటోంది, క్లాసులో పిల్లల పేర్లు గుర్తు రావడం లేదు. ఇవి పిచ్చి మందులని మా అత్తగారు గొడవ. జీవితాంతం వాడాలా? రెండో బిడ్డ కోసం కూడా అనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక్క మాట వినండి. ఇది చదివి రాత్రి మాత్రను ఇవాళే ఆపేయకండి. పెంచను కూడా వద్దు, డాక్టర్ రాసిన ఒక్క మాత్ర దాటకండి. ఈ వారంలోనే మీ సైకియాట్రిస్ట్‌ని కలవండి. మిగతాదంతా ఆ తర్వాతి సంగతి.

మీరు చెప్పేవి పానిక్ ఎటాక్స్‌లా ఉన్నాయి. మీకు రాసిన రెండు మాత్రల్లో ఆ జబ్బును తగ్గించేది పొద్దుటిది. రాత్రిది ఆసరా మాత్రమే, కాలు విరిగినవాళ్లకు చేతికర్ర లాంటిది. పొద్దుటి మాత్ర పనిలోకి దిగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా మనిషి అల్లాడిపోకూడదని రెండు మూడు వారాలు, మహా అయితే నాలుగు వారాలు రాత్రి మాత్ర ఇస్తారు. మీ విషయంలో సరిగ్గా తిరగబడింది. జబ్బు తగ్గించేది తొమ్మిది రోజులకే ఆగిపోయింది, కొన్ని వారాలకు పోవాల్సింది నాలుగు నెలలుగా ఉండిపోయింది. ఇందులో మీ తప్పు లేదు. ఒక మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, ఇంకోటి వేసుకుంటే గంటలో ప్రాణం తెరిపిన పడుతోంది. ఎవరైనా దేన్ని ఉంచుకుంటారు? ఈ సంగతి మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాల్సింది డాక్టర్లమైన మేము. ఓపీలో వెనకాల నలభై మంది ఉన్నారని హడావిడిగా చీటీ రాసి పంపిస్తే ఇలాగే అవుతుంది. ఇలాంటివి నేను ప్రతి వారం చూస్తున్నాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

నా దగ్గరకు వచ్చేవాళ్లను మాత్రల స్ట్రిప్పులు కూడా తెమ్మంటాను. చీటీలో ఏముందో నాకు తెలుసు, ఇంట్లో ఏం జరిగిందో స్ట్రిప్ చెబుతుంది. ఒకటి మెరుస్తూ కొత్తగా ఉంటుంది, మూడో నాలుగో గూళ్లు ఖాళీ. రెండోది పర్సులో నలిగి నలిగి రేకు తెల్లబడిపోయి ఉంటుంది. కత్తెరతో కోసుకున్న ముక్క కావడంతో పేరు ఒకవైపు, తేదీ ఇంకోవైపు పోయి ఉంటాయి. ఒక గూట్లో సగం మాత్ర కాగితంలో చుట్టి దాచి ఉంటుంది, బస్సులో దడ వస్తే వేసుకోవడానికి. అది చూడగానే ఏ మాత్ర ఆగిందో, ఏది ఉండిపోయిందో అడగక్కర్లేదు.

ఇక పొద్దుటి మాత్రతో వికారం ఎందుకు వచ్చిందంటారా? ఎస్సిటలోప్రామ్ సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తుంది. మన ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం ఉండేది మెదడులో కాదు, పేగుల్లో. అందుకే మొదట తెలిసేది కడుపుకే. వికారం, విరేచనాలు, తలనొప్పి, నోరు ఎండిపోవడం, చెమటలు, ఊరికే ఆవలింతలు రావడం మొదటి వారం పది రోజుల్లో మామూలే. మొదట్లో టెన్షన్ కాస్త పెరగడం కూడా ఈ మందుల గుణమే. మీలా ఒక్కసారిగా దడ, ప్రాణభయం వచ్చేవాళ్లలో, అంటే పానిక్ ఎటాక్స్ ఉన్నవాళ్లలో, ఇది ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. అందుకే ఇలాంటివాళ్లకు నేను 10తో మొదలుపెట్టను. మొదటి వారం 5 ఎంజీ, పొద్దున టిఫిన్ తిన్నాక. ఒంటికి పడింది అనుకున్నాక 10. మందు అదే, మొదలుపెట్టే తీరు మారితే చాలామందికి మందు పడుతుంది. మీరు ఆపేసిన తొమ్మిదో రోజు చూడండి, ఇంకో నాలుగైదు రోజులు ఆగితే వికారం దానంతట అదే తగ్గడం మొదలయ్యేది. మందు గుణం తెలియడానికి రెండు వారాలు, పూర్తిగా తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కష్టం ముందు, సుఖం వెనక. ఇది తెలియకపోతే తొమ్మిది రోజులు వేసుకోవడం కూడా గొప్పే.

కొన్ని సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం వారంలో పోవు. దాంపత్య జీవితం మీద ఆసక్తి తగ్గడం, తృప్తి ఆలస్యం కావడం వాటిలో ముఖ్యమైనది. మగవాళ్లూ ఆడవాళ్లూ ఇద్దరూ దీన్ని నోరు తెరిచి చెప్పరు, చెప్పకుండా మందు ఆపేస్తారు. దయచేసి చెప్పండి. మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, దారులున్నాయి. కొందరు నిద్రలో పళ్లు కొరుకుతారు, కొందరికి కాస్త బరువు పెరుగుతుంది. ఇవన్నీ వచ్చినవాళ్లకే వస్తాయి, అందరికీ అన్నీ రావు.

రాత్రి మాత్ర సంగతి వేరు. క్లోనజెపామ్ మెదడుకు బ్రేకు వేస్తుంది. నెలల తరబడి బయటి బ్రేకు పడుతుంటే మెదడు తన బ్రేకు వాడడం తగ్గించుకుంటుంది. అందుకే అదే మాత్ర చాలకుండా పోయి ఒకటిన్నర దాకా వచ్చారు. ఈ మందు ఒంట్లోంచి మెల్లగా పోతుంది, సగం పోవడానికే ఒక రోజు దాటి పడుతుంది. మీరు మానేసిన మొదటి రెండు రోజులు బాగానే ఉండడానికి కారణం అదే. పాత మందు ఇంకా ఒంట్లో ఉంది. మూడో రోజు అది పలచబడగానే వణుకు, దడ, నిద్రలేమి వచ్చాయి. అప్పుడు మీరు ‘జబ్బు తిరగబెట్టింది’ అనుకున్నారు. ఆ వణుకు చాలావరకు మందు ఒక్కసారిగా ఆగినందుకు వచ్చింది. జబ్బు తిరగబెడితే సాధారణంగా వారాల మీద మెల్లగా వస్తుంది, మూడో రోజు ఉదయాన్నే చేతులు వణికిస్తూ రాదు.

తెలంగాణలో కల్తీ కల్లు గొడవ మీరు వినే ఉంటారు. ఆ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజెపామ్ ఇదే కుటుంబానికి చెందిన మందులు. దాడులు జరిగి కల్లు ఆగిపోయినప్పుడు, రోజూ తాగే అలవాటున్నవాళ్లు వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, కొందరు ఫిట్స్‌తో ఆసుపత్రులకు వస్తారు. మిమ్మల్ని వాళ్లతో పోల్చడం లేదు. మీది చిన్న మోతాదు, డాక్టర్ రాసిచ్చిన మందు. కానీ ఒక్కసారిగా ఆపకూడదని ఎందుకు అంటున్నానో తెలియాలని చెప్పాను. దీన్ని మెట్టు మెట్టుగా దించాలి. ఒక్కో మెట్టుకు కొంచెమే, పదో వంతో ఇంకాస్తో తగ్గించి, ఒళ్లు కుదుటపడ్డాక, అంటే రెండు వారాలకో అంతకన్నా ఎక్కువకో, తర్వాతి మెట్టు. 0.25 ఎంజీ మాత్రలు దొరుకుతాయి, అంతకన్నా చిన్న మెట్టు ఎలా తగ్గించాలో డాక్టర్‌ని అడగండి. మొత్తం మీద కొన్ని నెలలు పట్టినా పర్వాలేదు. డాక్టర్ పొద్దుటి మందు మళ్లీ మొదలుపెట్టి, దాని గుణం కనిపించాకే ఈ దింపుడు మొదలుపెట్టడం మంచిదని నా అనుభవం. ఏ మెట్టు ఎప్పుడన్నది మాత్రం మిమ్మల్ని ఎదురుగా చూసిన డాక్టర్ చెప్పాలి.

పగలు మత్తు, పేర్లు గుర్తు రాకపోవడం క్లోనజెపామ్ వల్లే అయ్యే అవకాశం ఎక్కువ. మోతాదు తగ్గేకొద్దీ బాగుపడుతుంది. అంతవరకు స్కూటీ మీద స్కూలుకు వెళ్లకండి. మద్యం ఈ మాత్రతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది, ఈ మాట ఇది వాడే ప్రతి ఒక్కరికీ చెబుతాను. జలుబుకు సెట్రిజిన్ వేసుకున్నా మత్తు రెట్టింపవుతుంది.

ఇక్కడ మన అలవాటు ఒకటి చెప్పాలి. ఏ మాత్ర వేసుకున్నా ముందు ఒక గ్యాస్ మాత్ర, ఒళ్లు నొప్పులకు షాపులో అడిగి ఒక నొప్పి మాత్ర. గ్యాస్‌కు వాడే ఒమెప్రజోల్ ఒంట్లో ఎస్సిటలోప్రామ్ మోతాదును పెంచుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు దీంతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. నొప్పికే ఇచ్చే ట్రమడాల్‌తో కలిస్తే ఇంకా ప్రమాదం. దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కూడా పడదు. జ్వరం, నొప్పి అంటే మామూలుగా పారాసెటమాల్ చాలు. ఏ డాక్టర్ దగ్గరకు వెళ్లినా, పళ్ల డాక్టర్ అయినా సరే, ఈ రెండు మందుల పేర్లు చెప్పండి. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఎస్సిటలోప్రామ్ వాడుతూ బీపీకి నీరు పోయే మాత్ర కూడా వేసుకుంటుంటే, ఉప్పు శాతం అంటే సోడియం పడిపోయి తికమకగా మాట్లాడవచ్చు. సోడియం పరీక్ష చేయించండి.

తీవ్రమైన వణుకుతో జ్వరం, ఒళ్లు బిగుసుకుపోవడం, నల్లటి విరేచనం, ఫిట్స్, ఒంటి మీద దద్దుర్లు వచ్చి ముఖం వాయడం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బతకాలని లేదు అనే ఆలోచన వస్తే, ముఖ్యంగా పాతికేళ్ల లోపు పిల్లల్లో మందు మొదలుపెట్టిన కొత్తలో వస్తే, ఇంట్లోవాళ్లకు వెంటనే చెప్పాలి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు పలుకుతారు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సేవ అది, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకండి. ఆమె కళ్లకు కనిపించేది పగలంతా మత్తుగా ఉండే కోడలు. ‘ఈ మందులు మనిషిని పాడుచేస్తున్నాయి’ అనుకోవడంలో వింత లేదు, ఆ మత్తు నిజమే కదా. డాక్టర్ దగ్గరకు ఆమెను కూడా తీసుకెళ్లండి. ఏ మందు మత్తు ఇస్తోందో, ఏది ఇవ్వదో ఆమె ఎదురుగానే చెప్పమనండి. ఎస్సిటలోప్రామ్ మనిషిని మార్చదు, అలవాటు పడి మోతాదు పెంచుకుంటూ పోయే రకం కాదు. జీవితాంతం వాడాలా అంటే, చాలామందికి అక్కర్లేదు. పూర్తిగా బాగుపడ్డాక ఆరు నెలల నుంచి ఏడాది కొనసాగించి, అప్పుడు మెల్లగా తగ్గించి ఆపుతాం. బాగుంది కదా అని మూడో నెలలోనే చప్పున ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు ఉండడం వస్తాయి, జబ్బు కూడా తిరగబెట్టవచ్చు.

బిడ్డ కోసం ఇంకో ఆరేడు నెలలు ఆగగలిగితే ఆగండి. ఈలోగా క్లోనజెపామ్ దిగిపోతుంది. గర్భంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి నెలల్లో అది వాడితే పుట్టిన బిడ్డ మత్తుగా ఉండి ఊపిరికి ఇబ్బంది పడవచ్చు. ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు అవసరమైతే గర్భంలో కూడా డాక్టర్ పర్యవేక్షణలో వాడతారు, తల్లి ఆందోళనతో తిండి నిద్ర మానేయడం కూడా బిడ్డకు మంచిది కాదు. ఒకవేళ ఈలోపే నెల తప్పితే కంగారుపడి రెండూ ఒకేసారి ఆపకండి, ఆ వారంలోనే గైనకాలజిస్ట్‌నూ సైకియాట్రిస్ట్‌నూ కలవండి.

మందులతో పాటు మాటల చికిత్స కూడా ఉంది. సీబీటీ అంటారు. పానిక్ ఎటాక్స్‌కు మందంత బాగా పనిచేస్తుంది, రాత్రి మాత్ర దించేటప్పుడు ఇంకా ఉపయోగం. దడ వచ్చినప్పుడు గడియారం చూసుకోండి. సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి, అరగంటలోపు దానంతట అదే దిగుతుంది. ఊపిరి మెల్లగా వదలండి, తీసుకున్నదానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండాలి. స్టాఫ్ రూమ్‌లో టీలు ఎన్ని తాగుతున్నారో లెక్కపెట్టి, రెండుకు తగ్గించండి. ఖర్చు ఇబ్బంది అయితే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. పెద్దాసుపత్రి కావాలంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, అటువైపు విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి.

వెళ్లేటప్పుడు రెండు స్ట్రిప్పులూ పట్టుకెళ్లండి. పొద్దుటి మాత్రల పది గూళ్ల స్ట్రిప్ అయితే అందులో ఒకటి ఇంకా మిగిలే ఉండాలి. దాన్ని మీ అంతట మీరు వేసుకోకుండా డాక్టర్ బల్ల మీద పెట్టి, ఆ తొమ్మిది రోజులు ఎలా గడిచాయో మొదటి రోజు నుంచి చెప్పండి. రాత్రి మాత్ర ఒకటిన్నర వేసుకున్న రోజుల సంగతి కూడా దాచకండి.