అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో (సీజన్ అయ్యాక ఆడే నాకౌట్ సిరీస్‌లలో) నిజంగా కప్పు కొట్టే సత్తా ఉన్న టీమ్ ఏదో, ఉత్త హైప్ టీమ్ ఏదో ముందే ఎలా కనిపెట్టాలి?

సీజన్‌లో 60కి పైన మ్యాచులు గెలిచిన టీమ్‌ని ఓవర్‌రేటెడ్ అనడం అన్యాయం కాదా అని కూడా అడిగారు మీరు. ఏం అన్యాయం లేదండీ. 64 గెలిచిన టీమ్‌ని నేను మొహం మీదే అన్నాను, అదీ ఆ టీమ్ సొంతూళ్ళో, ఆ టీమ్ టీషర్టులేసుకున్న ముగ్గురు రూమ్మేట్ల మధ్యలో కూర్చుని. ఆ కథ కింద చెప్తా, ముందు నా లెక్క ఏంటో వినండి.

మ్యాచ్ చివరి ఐదు నిమిషాల్లో కోర్టు మీద ఎవరుంటారో ఆ ఐదుగురిని తీసుకోండి. అందులో అందరికంటే వీక్ డిఫెండర్ ఎవడు? వాడే ఆ టీమ్ రేటింగ్. స్టార్‌ని చూడకండి, ప్లేఆఫ్స్ దాకా వచ్చిన ప్రతి టీమ్‌లోనూ ఒక స్టార్ ఉంటాడు. రెగ్యులర్ సీజన్‌లో 82 మ్యాచులు, ఇవాళ డెన్వర్‌లో ఆడి రాత్రికి రాత్రి ఫ్లైట్ ఎక్కి రేపు ఇంకో ఊళ్ళో ఆడాలి, అవతలి టీమ్ వీడియో కూర్చుని చూసే టైమ్ ఏ కోచ్‌కీ సరిపడా ఉండదు, కాబట్టి ఆ వీక్‌గాడు దాక్కోవచ్చు. ప్లేఆఫ్స్‌లో అలా కుదరదు. ఒకే టీమ్‌తో ఏడు మ్యాచుల దాకా, రెండు వారాల పాటు. వీడు ఎవర్ని కాపలా కాస్తున్నాడో వాడొచ్చి స్క్రీన్ పెడతాడు, అంటే అవతలి డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడతాడు, డిఫెండర్లు మారతారు, ఇంకేముంది, మన వీక్‌గాడు లూకా డాన్చిచ్ లాంటి స్టార్ ఎదురుగా ఒంటరిగా నిలబడి ఉంటాడు. ఒకసారి కాదు, ఆ రాత్రంతా అదే. పైగా అంతసేపు అలా పరిగెత్తించాక వాడికి అటు వెళ్ళి షాట్ వేసే ఓపిక కూడా మిగలదు, ఈ సంగతి టీవీలో ఎవరూ చెప్పరు.

మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే 2024 సన్‌రైజర్స్ గుర్తు తెచ్చుకోండి. లీగ్‌లో బెంగళూరు మీద 287 కొట్టారు, ఇక కప్పు మనదే అని హైదరాబాద్ అంతా ఊగిపోయింది, ఫైనల్లో కోల్‌కతా మీద 113కి ఆలౌట్. పిచ్ కొంచెం తిరగబడితే రెండో ప్లాన్ లేదు. అంతకంటే ఎక్కువ చెప్పను, నాకు ఇప్పటికీ కడుపు మండుద్ది.

ఇక కథ. 2022 మే నెల, నేను అమెరికాలో, అరిజోనాలోని టెంపీలో ఎమ్మెస్ చేస్తున్నా. ఫీనిక్స్ పక్కనే, యూనివర్సిటీ చుట్టూ ఎటు చూసినా మనోళ్ళే, ఎండ మాత్రం గుంటూరుని మించి. ఆ ఏడు ఫీనిక్స్ టీమ్ సన్స్ 64 గెలిచి 18 ఓడారు, ఆ ఫ్రాంచైజీ చరిత్రలోనే ఎక్కువ విజయాలు, ముందు ఏడాది ఫైనల్ దాకా వెళ్ళి మిల్వాకీ చేతిలో ఓడిపోయారు కాబట్టి ఈసారి కప్పు రాసిపెట్టుకున్నారు ఊరంతా. మా రూమ్మేట్లలో ముగ్గురు ఇండియాలో ఉన్నప్పుడు బాస్కెట్‌బాల్ ముట్టుకోనే లేదు (మా ఇంజినీరింగ్ కాలేజీలో కోర్టు ఉంది గానీ దాని మీద బైకులు పెట్టేవాళ్ళు, అది వేరే బాధ), ఇక్కడికొచ్చిన ఏడాదికే పుట్టుకతో సన్స్ ఫ్యాన్స్ అయినట్టు మాట్లాడేవాళ్ళు. నాలుగోవాడు వాళ్ళ అన్నయ్య డాలస్‌లో ఉన్నాడన్న ఒక్క కారణంతో డాలస్ టీమ్ మావెరిక్స్ ఫ్యాన్.

రెండో రౌండ్‌లో సరిగ్గా ఆ రెండు టీములే పడ్డాయి. మొదటి రెండు మ్యాచులూ సన్స్ గెలిచారు, ఎలా గెలిచారో చూడండి, డాలస్ స్టార్ లూకాకి డిఫెన్స్ రాదని తెలుసుకుని ప్రతిసారీ వాడి మీదకే వెళ్ళారు. అంటే నా సూత్రాన్ని ముందు వాడింది సన్సే! ఇక 4-0తో ఊడ్చేస్తామని ఇంట్లో ముగ్గురూ చీపుళ్ళు పట్టుకుని డాన్సులు. మూడో మ్యాచ్ సన్స్ ఆట నడిపే క్రిస్ పాల్ 37వ పుట్టినరోజు నాడు పడింది, ఆ రోజు డాలస్ వాళ్ళు ముసలాయన్ని వదల్లేదు, కోర్టు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెంటపడి బంతి తెచ్చుకోనివ్వలేదు. ఆ రాత్రే చెప్పాను, "మావా, మీ టీమ్‌కి పాల్ అలిసిపోతే ఇంక నడిపేవాడు లేడు, ఓవర్‌రేటెడ్ రా మీది" అని. నవ్వారు. ఐదో మ్యాచ్ సన్స్ 30 తేడాతో గెలిచేసరికి ఇంకా నవ్వారు. ఆ మ్యాచ్‌లోనే సన్స్ స్టార్ బుకర్ ఫౌల్ తగిలి కింద పడుకుని, దీన్ని లూకా స్పెషల్ అంటారని కెమెరా ముందు వెటకారం చేశాడు. ఒక్క మ్యాచ్ గెలిచి అంత అవసరమా? ఆరోది డాలస్‌లో డాలస్ గెలిచింది, సిరీస్ 3-3.

మే 15, ఆదివారం, ఏడో మ్యాచ్, ఫీనిక్స్‌లోనే. ఆదివారం కాబట్టి కోడికూర. సోఫా లేని అపార్ట్‌మెంట్ మాది, టీవీ ముందు కార్పెట్ మీదే కూర్చుని మధ్యలో గిన్నె పెట్టుకున్నాం. మొదటి క్వార్టర్ నుంచే తేడా కొట్టింది, సన్స్ షాట్లు ఒక్కటీ పడట్లేదు, లూకా నవ్వుకుంటూ వేస్తున్నాడు, బెంచ్ మీద నుంచి లేచొచ్చిన స్పెన్సర్ డిన్విడ్డీ కూడా వేస్తున్నాడు. రెండో క్వార్టర్‌లో డాలస్‌కి ఇంకో త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) పడేసరికి మావాడొకడు కోపంతో లేచి కాలు విసిరాడు, కూర గిన్నె బోర్లా పడింది. ఎవరూ కదల్లేదు! పసుపు, కారం, నూనె, అంతా లేత రంగు కార్పెట్‌లోకి ఇంకిపోతుంటే అందరూ టీవీ వైపే చూస్తున్నారు, డాలస్‌గాడు ఒక్కడే టిష్యూలు తెచ్చాడు, వాడికి మనసు బాగుంది కదా. హాఫ్ టైమ్‌కి 57-27. లూకా ఒక్కడివే 27. సన్స్ టీమ్ మొత్తం కలిపి 27. కోచ్ ఆఫ్ ద ఇయర్ తెచ్చుకున్న మాంటీ విలియమ్స్ దగ్గర వేరే ఉపాయమే లేదు, డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళని టీములు ఎంచుకునే చోట) నంబర్ వన్‌గా తీసుకున్న ఏటన్‌ని 17 నిమిషాలు ఆడించి కూర్చోబెట్టాడు. చివరికి 123-90. బుకర్ 11, పాల్ 10. లూకా 35, డిన్విడ్డీ 30.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ మరక చూపించి లీజింగ్ ఆఫీసువాళ్ళు డిపాజిట్‌లో పెద్ద ముక్కే కోసేశారు. మేము రాకముందు నుంచీ ఆ కార్పెట్ మీద వేరే మరకలున్నాయి, వాటి ఫోటోలు కూడా చూపించాం, వినలేదు. కొత్తగా వచ్చే స్టూడెంట్స్ ఎవరైనా ఇది చదువుతుంటే దిగిన రోజే ప్రతి గదీ వీడియో తీసి ఈమెయిల్ పెట్టేయండి, బాస్కెట్‌బాల్ సంగతి తర్వాత.

"అది ఒక్క చెడ్డ రోజు, ఎవరికైనా జరుగుద్ది" అని మావాళ్ళు ఏడాది పాటు వాదించారు. మరుసటి ఏడు కెవిన్ డ్యూరంట్‌ని తెచ్చారు, దానికోసం మికాల్ బ్రిడ్జెస్, క్యామ్ జాన్సన్, డ్రాఫ్ట్‌లో నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్స్ ఇచ్చేశారు. అంటే డిఫెన్స్ చేసేవాణ్ణి ఇచ్చి షాట్లు వేసేవాణ్ణి కొన్నారు, షాట్లు వేసేవాడు అప్పటికే ఉన్నాడు. 2023లో డెన్వర్ మీద మళ్ళీ సొంతూళ్ళో, ఓడితే ఇంటికే అన్న మ్యాచ్, హాఫ్ టైమ్‌కి డెన్వర్ 81, సన్స్ 51. మళ్ళీ సరిగ్గా 30 తేడా! తర్వాత బ్రాడ్లీ బీల్‌ని కూడా తెచ్చారు, ముగ్గురు పెద్ద స్టార్లు, టీవీలో అందరూ కంటెండర్స్ అన్నారు, 2024లో మినెసోటా 4-0తో ఊడ్చేసింది, 2025లో అసలు ప్లేఆఫ్స్‌కే రాలేదు, డ్యూరంట్‌ని హ్యూస్టన్‌కి పంపేశారు. నన్నడిగితే ఈ పదేళ్ళలో వీళ్ళని మించిన ఓవర్‌రేటెడ్ టీమ్ లేదు. ఫిలడెల్ఫియా అంటారేమో, పాపం 2001 తర్వాత రెండో రౌండ్ దాటలేదని ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా తెలుసు, వాళ్ళని పెద్దగా రేట్ చేసేవాళ్ళే లేరు, ఇంక ఓవర్ ఎక్కడిది.

ఉద్యోగం వచ్చి నేను డాలస్ వచ్చేశా, ఇర్వింగ్‌లో ఉంటా. 2024లో మావ్స్ (అదే, మావెరిక్స్) ఫైనల్‌కి వెళ్ళారు, ఆఫీసులో అందరూ నీలం టీషర్టులు, టికెట్ రేటు చూస్తే దానికి ఇండియా వెళ్ళి రావొచ్చు అనిపించింది, ఇంట్లోనే చూశా. అప్పుడు అందరూ బోస్టన్‌ని ఓవర్‌రేటెడ్ అన్నారు, ఈస్ట్‌లో ఎదురొచ్చిన వాళ్ళందరికీ గాయాలు, దారి సులువు అని. నేను మాత్రం ఐదుగుర్ని లెక్కపెట్టుకున్నా: టేటమ్, బ్రౌన్, హాలిడే, వైట్, హార్ఫర్డ్. ఇందులో ఎవడి మీదకి వెళ్తారు? వెళ్ళడానికి ఎవడూ లేడు. బోస్టన్ మాత్రం సిరీస్ అంతా లూకా మీదకే వెళ్ళింది. మూడో మ్యాచ్‌లో 21 వెనకబడి 93-90 దాకా వచ్చారు మావాళ్ళు, అప్పుడు లూకాకి ఆరో ఫౌల్, ఇంకా నాలుగు నిమిషాల పైనే ఉంది, బయటికి. అక్కడితో అయిపోయింది. బోస్టన్ మొత్తం ప్లేఆఫ్స్‌లో 16 గెలిచి 3 ఓడింది, సులువు దారి అంటే సరిపోద్దా దానికి?

ఈ ఓవర్‌రేటెడ్ అనే మాటని ఆటగాళ్ళే సరిగా వాడరు, ఫ్యాన్స్‌ని ఏమంటాం. 2025లో ఒక పత్రిక ఆటగాళ్ళ మధ్య రహస్య ఓటింగ్ పెడితే మోస్ట్ ఓవర్‌రేటెడ్ అని ఇండియానా ఆటగాడు టైరీస్ హాలిబర్టన్‌కి ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఆ ప్లేఆఫ్స్‌లో మిల్వాకీ మీద, 64 గెలిచిన క్లీవ్‌లాండ్ మీద ఆఖరి క్షణాల్లో వాడే గెలిపించాడు, న్యూయార్క్‌లో ఓవర్‌టైమ్‌కి లాక్కెళ్ళిన షాట్ కూడా వాడిదే, ఫైనల్ మొదటి మ్యాచ్‌లో ఓక్లహోమా మీద 0.3 సెకన్లు ఉండగా వేశాడు. క్లీవ్‌లాండ్‌ని 4-1తో పంపేశారు. ఫైనల్ ఏడో మ్యాచ్‌లో కాలి మడమ వెనక అకిలీస్ టెండన్ తెగి పడిపోకపోతే ఆ కప్పు ఇండియానాదే, ఎవరేమన్నా నేను ఇదే అంటా. అలాగని ఓక్లహోమా ఓవర్‌రేటెడ్ అని ఎవడైనా అంటే వాడు ఆట చూడట్లేదు, హైలైట్స్ చూస్తున్నాడు, ఆ టీమ్‌లో బెంచ్ మీద నుంచి వచ్చేవాడు కూడా బంతి లాక్కుంటాడు.

హైలైట్స్ అంటే గుర్తొచ్చింది, ఈ పొద్దున్నే వచ్చే టీవీ చర్చలు ఉన్నాయే, లేకర్స్ ఎనిమిదో స్థానంలో ఉన్నా మొదటి అరగంట లేకర్సే. 2025 ఫిబ్రవరిలో మా డాలస్‌వాళ్ళు అర్ధరాత్రి లూకాని వాళ్ళకి అప్పజెప్పాక అయితే మరీనూ. లూకా, లెబ్రాన్ ఇద్దరూ ఒకే టీమ్, ఇక కప్పు ఖాయం అన్నారు. ఐదుగుర్ని లెక్కపెట్టారా ఎవరైనా? ఆంథొనీ డేవిస్‌ని ఇచ్చేశాక సెంటర్ (బుట్ట దగ్గర కాపలా కాసే పొడుగోడు) ఎక్కడున్నాడు? ఆ ఏడు ప్లేఆఫ్స్‌లో మినెసోటా మీద ఒక మ్యాచ్ రెండో సగం మొత్తం అదే ఐదుగురితో ఆడించాడు కోచ్ రెడిక్, మార్చడానికి మనిషి లేక. ఐదో మ్యాచ్‌లో మినెసోటా సెంటర్ గోబేర్, ఆ గోబేరే, షాట్ వేయడం రాదని అందరూ వెక్కిరించే గోబేర్, 27 పాయింట్లు 24 రీబౌండ్లు (గురి తప్పిన బంతులు అందుకోవడం). మొదటి రౌండ్‌లోనే 4-1, ఇంటికి.

టెంపీలో టిష్యూలు తెచ్చిన మావాడు ఇప్పుడు లేకర్స్ జెర్సీ కొన్నాడు, "నేను లూకా ఫ్యాన్‌ని మావా, టీమ్‌తో పనిలేదు" అంటాడు. వాడితో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ టాపిక్ ఎత్తను. కింద కామెంట్లలో కూడా ఎవరైనా లేకర్స్ అని మొదలుపెడితే జవాబు ఇవ్వను, ముందే చెప్తున్నా, ఆ ఐదోవాడు, అంటే సెంటర్, వాడి పేరు రాసి అప్పుడు రండి.