క్యామో బట్టలు వేసుకుంటే జింకకి కనపడమా? నా తొమ్మిది సీజన్ల అనుభవం

మీరు అడిగింది ఇదీ: ఆకులూ కొమ్మలూ అచ్చేసిన క్యామో బట్టలు వేసుకుంటే మనిషి జంతువుకి నిజంగానే కనపడకుండా పోతాడా, లేక అదంతా అమ్ముకునేవాళ్ల మాటేనా? కొత్తగా లైసెన్సు తీసుకున్నానని, డబ్బు ముందు దేనిమీద పెట్టాలో తేలడం లేదని కూడా రాశారు.

నేను తెల్లతోక జింకల (అమెరికా అడవుల్లో ఉండే రకం) వేటకి తొమ్మిది సీజన్లు వెళ్లాను, మధ్యలో నాలుగేళ్లు బాతుల వేటకి కూడా. మొదటి రెండేళ్లు టోపీ నుంచి బూట్ల దాకా క్యామోయే. ఇప్పుడు సగం రోజులు పాత ఉన్ని చొక్కాతో వెళ్లిపోతున్నాను. నన్నడిగితే పక్షుల దగ్గర క్యామో బాగా పనికొస్తుంది, జింకల దగ్గర కొంచెం పనికొస్తుంది, అడవిపందుల దగ్గర దాదాపు దండగ.

మొదటి సీజన్ సంగతి చెప్తాను. ఒక తెల్లవారుజామున లావుపాటి చెట్టు మొదట్లో కూర్చున్నాను. ఒంటిమీద అంతా కొత్త బట్టలే, మడత గీతలు కూడా ఇంకా పోలేదు. ఆడజింక ఒకటి మేసుకుంటూ ముప్పై అంగల దూరంలోకి వచ్చింది. నా వైపు చూసింది కూడా. చూసి మళ్లీ తల దించుకుంది. పెట్టిన డబ్బు ఊరికే పోలేదని లోలోపల మురిసిపోయాను. అంతలో ముక్కు మీద దోమ వాలింది. చెయ్యిని నెమ్మదిగానే, నిజంగా నెమ్మదిగానే, గడ్డం దాకా ఎత్తాను. జింక తల చటుక్కున లేచింది. చెవులు రెండూ నా వైపు తిరిగాయి. ముందుకాలితో నేలని ఒక్కసారి టక్కున తన్నింది. తర్వాత మేతకి వంగుతున్నట్టు తల దించి, సగంలోనే మళ్లీ గబుక్కున పైకెత్తింది. అది వాటి పాత ఎత్తే, ఎదుటివాడు కదులుతాడేమోనని వేసే గాలం. నేను ఊపిరి బిగబట్టాను. అయినా లాభం లేకపోయింది. ముక్కుతో బుస్సుమని ఊది, తోకని తెల్లజెండాలా ఎత్తి వెళ్లిపోయింది. దాని వెనకాలే, అప్పటిదాకా నా కంట పడని ఇంకో మూడు కూడా లేచి పరుగెత్తాయి.

అంటే అరగంటసేపు ఆ బట్టలతోనే దాని కళ్లెదురుగా ఉన్నాను. నన్ను పట్టించింది చెయ్యి.

జింక కన్ను ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇందులో వింతేమీ లేదు. రంగుని గుర్తుపట్టే శంకు కణాలు మన కంట్లో మూడు రకాలు, జింక కంట్లో రెండే. 1994లో గెరాల్డ్ జేకబ్స్, ఆయనతో పనిచేసిన పరిశోధకులు తెల్లతోక జింకల, ఫాలో జింకల కళ్లని పరీక్షించి ఈ సంగతి చూపించారు. ఒక రకం కణాలు నీలం వైపు, అంటే సుమారు 450–460 నానోమీటర్ల దగ్గర బాగా స్పందిస్తాయి. రెండో రకం ఆకుపచ్చ వైపు, సుమారు 540 దగ్గర. ఎరుపుని విడిగా పట్టే కణం లేదు. అందుకని ఎరుపు, నారింజ, ఆకుపచ్చ మధ్య మనకి కనిపించేంత తేడా దానికి కనిపించదు. ఎరుపు–ఆకుపచ్చ వర్ణాంధత ఉన్న మనిషిని అడిగితే ఇది ఎలా ఉంటుందో చెప్తాడు. పులినే చూడండి. మన కంటికి ఆ నారింజ రంగు కొట్టొచ్చినట్టు ఉంటుంది. అది వేటాడే జింక కంటికి మాత్రం గడ్డిలో, ఆకుల్లో కలిసిపోతుంది. వెంట్రుకకి ఆకుపచ్చ రంగు తెచ్చుకునే శక్తి క్షీరదాలకి లేదు, పులికి దాని అవసరమూ పడలేదు.

రంగులో జింక వెనకబడినా చూపు పరిధిలో మనకంటే చాలా ముందుంది. కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి తల తిప్పకుండానే సుమారు 300 డిగ్రీల మేర చూస్తుంది. కంటిపాప అడ్డంగా సాగి ఉంటుంది, నేలబారుగా ఎక్కడ ఏది కదిలినా పట్టేయడానికి అనువుగా. కంటి వెనక అద్దంలాంటి పొర ఉండటం వల్ల మసక వెలుతురులోనూ దానికి బాగానే కనిపిస్తుంది. రాత్రి టార్చి వేస్తే కళ్లు మెరిసేది ఆ పొర వల్లే. మనం మాటు వేసేది తెల్లవారుజామున, మునిమాపున కదా. ఆ వేళలు దానివి, మనవి కావు.

నాకు వేట నేర్పిన పెద్దాయనకి క్యామో అంటే నవ్వు. ఆయనది ఎరుపు నలుపు పెద్ద గడుల ఉన్ని కోటు, దానిమీద నారింజ రంగు జాకెట్టు. తుపాకీ సీజన్లో వేటగాళ్లు ఆ నారింజ వేసుకోవాలని అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చట్టమే ఉంది, మనిషిని చూసి జింక అనుకుని కాల్చకుండా. అర కిలోమీటరు దూరం నుంచి కూడా ఆయన నా కంటికి నిప్పుకణికలా కనిపించేవాడు. కూలిన చెట్టు వేళ్ల కింద, నీడలో, రెండు గంటలు కూర్చుంటే తల కూడా తిప్పేవాడు కాదు. ఒకరోజు నేను గట్టు మీద నుంచి బైనాక్యులర్లో చూస్తుండగా ఒక మగజింక ఆయనకి పదిహేను అంగల దూరంలో నుంచి నడిచి వెళ్లింది. ఆయన వైపు తల కూడా ఎత్తలేదు. పెద్ద గడులు కూడా ఒక రకం క్యామోనే అని చాలాకాలానికి నాకు అర్థమైంది. భుజం నుంచి నడుము దాకా ఒకే రంగు సాగకుండా నలుపూ ఎరుపూ ముక్కలుగా విరిగిపోతాయి. ఎరుపు ఎలాగూ జింకకి ఎరుపులా కనపడదు.

ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం ఇది. చెట్టు వెనక దాక్కోబోతుంటే ఆపి, "వెనక కాదురా, ముందు కూర్చో" అన్నాడు. వెనక కూర్చుంటే తొంగి చూడాలి, తొంగి చూస్తే తల కదులుతుంది. భుజాలకంటే వెడల్పైన మానుకి వీపు ఆనించి ముందు కూర్చుంటే మన ఆకారం మానులో కలిసిపోతుంది, చూడటానికి కదలక్కర్లేదు. మనిషిని పట్టిచ్చేది ఆ నిలువు ఆకారమే: గుండ్రటి తల, దాని కింద భుజాల గీత. ఆకాశం ముందు నిలబడ్డామా, ఏ బట్టా కాపాడదు.

ఇక అచ్చు సంగతి. ఒకసారి నా కోటుని పొదకి తగిలించి 10, 30, 60, 100 అంగల దూరాల నుంచి ఫోన్లో ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి వాటిని నలుపు–తెలుపు చేసి చూశాను. జింక చూపు నలుపు–తెలుపు కాదని తెలుసు, నాకు కావలసింది వెలుగునీడల తేడా మాత్రమే. పది అంగల దగ్గర ప్రతి ఆకూ ఈనెలతో సహా కనిపిస్తోంది, అబ్బ అనిపించేంత అందంగా. ముప్పై దగ్గర ఆకులు ఒకదాంట్లో ఒకటి కలవడం మొదలైంది. అరవైకి వచ్చేసరికి పొద మధ్యలో కోటు ఆకారంలో ఒక నల్లటి ముద్ద. దాని చుట్టూ పొదలో వెలుగు మచ్చలు, నీడ మచ్చలు పెద్దపెద్దవి ఉన్నాయి. నా కోటులో ఉన్నవన్నీ అరచెయ్యంత ఆకులే. సన్నటి వివరాల్లో జింక చూపు మనకంటే మసక కాబట్టి దానికి ఇంకా ముందే ముద్దయిపోయి ఉండాలి. చెట్టు బెరడుని, ఆకుల్ని ఫొటో తీసినట్టు అచ్చేసే నమూనాలు 1980లలో వచ్చాయి. వాటిని అమ్మే రియల్‌ట్రీ, మాసీ ఓక్ కంపెనీలు రెండూ 1986లో మొదలైనవే. కొనే మనిషి వాటిని చేతిలో పట్టుకుని చూస్తాడు, అంటే రెండడుగుల దూరం నుంచి. నేనూ అలా చూసే కొన్నాను. తర్వాత 2000ల చివర్లో ఆప్టిఫేడ్ అని ఒక నమూనా వచ్చింది, జంతువుల చూపుమీద పనిచేసిన జే నైట్జ్, సైన్యానికి క్యామో రూపొందించిన తిమోతీ ఓనీల్ సాయంతో. అందులో ఆకుల బొమ్మలు ఉండవు, పెద్ద మచ్చలూ చిన్న మచ్చలూ కలిపి ఉంటాయి. ఆలోచన సరైనదే. దాని ధర పెట్టాల్సినంత లాభం ఉందా అంటే, కదలకుండా కూర్చోగలిగినవాడికి అదీ పెద్ద తేడా కాదని నా అభిప్రాయం.

(ఈ దాగుడుమూతల గొడవ కొత్తదేం కాదు. చిత్రకారుడు ఆబట్ థాయర్ 1909లో కొడుకుతో కలిసి తెచ్చిన పుస్తకంలో ప్రతి జంతువు రంగూ దాక్కోవడానికేనని వాదించాడు. ఫ్లెమింగో కొంగ గులాబీ రంగు కూడా సాయంత్రపు ఆకాశంలో కలిసిపోవడానికేనట! స్వయంగా వేటగాడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ 1911లో పెద్ద వ్యాసం రాసి దాన్ని ఉతికి ఆరేశాడు.)

ఉతకడం అంటే గుర్తొచ్చింది. చాలా సబ్బుపొడుల్లో బట్ట తెల్లగా మెరవడానికి ఆప్టికల్ బ్రైటెనర్లు కలుపుతారు. అవి అతినీలలోహిత కిరణాలని పీల్చుకుని నీలం వెలుగుగా వదులుతాయి. నీలం జింకకి బాగా కనిపించే రంగు. పైగా మన కంటి కటకంలా దాని కటకం అతినీలలోహితాన్ని వడకట్టేయదు. ఒక రాత్రి చీకటి గదిలో అతినీలలోహిత టార్చి తీసుకుని నా బట్టలమీద వేశాను. రెండేళ్లుగా ఉతుకుతున్న చొక్కా చేతులు లేతనీలంగా భగ్గుమన్నాయి. ఎప్పుడూ ఉతకని టోపీ మాత్రం చీకట్లో కలిసిపోయింది. ఆ మెరుపు చూసే జింకలు పారిపోయాయని ఒట్టేసి చెప్పలేను. అప్పటినుంచి మాత్రం బ్రైటెనర్ లేని సబ్బే వాడుతున్నాను. అలాగే నీలం జీన్స్ వేసుకుని జింకల వేటకి వెళ్లొద్దు. దానికంటే నారింజ జాకెట్టే నయం.

ఇంతవరకూ కంటి గురించే మాట్లాడుకున్నాం. కన్ను మోసపోయినా ముక్కు మోసపోదు. జింక ఆకారం చూసి అనుమానపడితే నిలబడి ఇంకోసారి చూస్తుంది. వాసన తగిలితే ఆ రెండో చూపు కూడా ఉండదు. అడవిపందికి చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం అసాధారణం. గాలి మనవైపు నుంచి దానివైపు వీస్తుంటే ఏ బట్టలో ఉన్నా ఒకటే. నేను జేబులో జిల్లేడు దూది పెట్టుకుని వెళ్తాను. ఒక్క పింజ వదిలితే గాలి మొదట ఎటు పోతుందో, ఇరవై అంగల తర్వాత ఎక్కడ మెలిక తిరుగుతుందో కళ్లకి కడుతుంది. వాలు నేలల్లో ఇది మరీ ముఖ్యం. పొద్దెక్కి నేల వేడెక్కగానే గాలి పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడగానే కిందికి జారుతుంది. పొద్దున బాగున్న మాటు సాయంత్రం పనికిరాకుండా పోయేది అందుకే. నాకు చెయ్యిదాకా వచ్చి తప్పిపోయిన జింకల్లో కంటివల్ల పోయినవాటికంటే గాలివల్ల పోయినవే ఎక్కువ.

బాతుల దగ్గర కథ వేరు. పక్షుల కంట్లో రంగు కణాలు నాలుగు రకాలు, మనకంటే ఒకటి ఎక్కువ. చూపు రంగులోనూ పదునే, వివరంలోనూ పదునే, పైగా చూసేది పై నుంచి. బాతుల గుంపు రెక్కలు బిగించి నీళ్లమీదకి దిగుతూ, సరిగ్గా మా తలల మీదికి రాగానే విసనకర్రలా విచ్చుకుని మళ్లీ పైకి లేచిపోయేది. మూడుసార్లు ఇలాగే అయింది. రెల్లులో మా నలుగురి ఒంటిమీదా మంచి క్యామో ఉంది. చివరికి నేనే మాటు లోంచి బయటికెళ్లి వెనక్కి తిరిగి చూశాను. నాలుగు ముఖాలూ పైకి ఎత్తి ఉన్నాయి, ఎండలో నాలుగు పళ్లేల్లా మెరుస్తూ. బాతులు ఎక్కడున్నాయో చూడాలని అందరం తలెత్తుతున్నాం! ముఖాలకి వల కట్టుకుని, టోపీ అంచు కిందనుంచి కళ్లు మాత్రమే తిప్పడం అలవాటు చేసుకున్నాక గుంపులు దిగడం మొదలైంది. అడవి టర్కీ కోళ్ల వేటగాళ్లు చేతికి గ్లవ్స్, ముఖానికి వల లేకుండా అడుగు బయటపెట్టకపోవడం వెనక కారణం కూడా ఇదే.

కాబట్టి కొనే వరుస ఇలా పెట్టుకోండి. బాతులకో టర్కీలకో వెళ్తుంటే క్యామో కొనండి, మీరు కూర్చునే చోటి రంగుకి దగ్గరగా ఉన్నది చాలు, ఎండు రెల్లులో పచ్చాకుల అచ్చు పనికిరాదు. జింకలకైతే ముందు గ్లవ్స్, ముఖానికి వల. శరీరంలో ఎక్కువ కదిలేవి, ఎక్కువ మెరిసేవి ఆ రెండే. తర్వాత చప్పుడు చెయ్యని బట్ట. ఉన్ని, ఫ్లీస్ ఏదైనా పర్లేదు, రంగు మట్టిదో బూడిదదో అయితే చాలు. మీ కొత్త కోటు నైలాన్‌దైతే కొనేముందు చెయ్యి మడిచి చూడండి, కరకరమంటే వదిలెయ్యండి. విల్లుతో వేటాడితే మాత్రం జింకల దగ్గర కూడా క్యామోకి కాస్త విలువ ఉంది. ఇరవై అంగల దూరంలో నారి లాగాలి, అంటే కదలక తప్పదు. ఆకారం విరిగిపోయి ఉంటే ఆ క్షణంలో మీకు ఇంకో రెండు సెకన్లు దొరుకుతాయి. తుపాకీతో నూట యాభై మీటర్ల నుంచి కాల్చేవాడికి ఆ లెక్క వర్తించదు. మీ దగ్గర నారింజ తప్పనిసరి అయితే మారు మాట్లాడకుండా వేసుకోండి, జింకకి దానితో పనిలేదు.

కళ్లద్దాలు ఉన్నాయా? ఉంటే ముక్కుని పూర్తిగా కప్పే వల కొనొద్దు. ఊపిరి ఆవిరి అద్దాలకి పట్టి, సరిగ్గా జింక వచ్చే వేళకి తుడుచుకోవడానికి చెయ్యెత్తాల్సి వస్తుంది. నేను నా వలకి ముక్కు దగ్గర రూపాయి బిళ్లంత చిల్లు కత్తిరించుకున్నాను.